పైసా పెట్టకుండా ఊరు తిరగడం ఎలా? బెంగళూరు తెలుగువాళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

"మేడమ్, కంగ్రాచులేషన్స్! మీకు గోవాలో మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు ఫ్రీ."

శనివారం పొద్దున్నే ఫోనులో ఇంత చక్కటి తెలుగు వినబడేసరికి నమ్మేశాను. వారం కిందట ఓ మాల్‌లో పాప ఐస్‌క్రీమ్ తింటుంటే నేను కూపన్ నింపి డబ్బాలో వేసిన మాట నిజమే. భార్యాభర్తలిద్దరూ రావాలి, గంటన్నర కూర్చుంటే చాలు అన్నారు. వెళ్ళాం. గంటన్నర నాలుగు గంటలైంది. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మేనేజర్లు వచ్చారు. ఆరు లక్షల హాలిడే మెంబర్‌షిప్‌ను మా కళ్ళ ముందే పెన్నుతో కొట్టేసి మూడున్నర చేశారు. "ఈరోజు దాటితే ఈ రేటు ఉండదు సార్" అని మా ఆయన మీద ఒత్తిడి మొదలుపెట్టారు. పాప ఏడవబట్టి బతికిపోయాం. చేతికి వోచర్ మాత్రం ఇచ్చారు. ఇంటికొచ్చి వెనక పేజీ చదివితే అసలు సంగతి తెలిసింది: పన్నులు మనవి, తలకింత చొప్పున భోజనం ప్యాకేజీ తప్పనిసరి, 45 రోజుల ముందు బుక్ చేయాలి, పండగలకూ స్కూలు సెలవులకూ చెల్లదు.

ఆ రాత్రే ఒక నోట్‌బుక్ తీసి పేజీకి నాలుగు గీతలు కొట్టాను. ప్రయాణం, బస, తిండి, చూసేవి. ఏ ట్రిప్ ఖర్చయినా ఈ నాలుగే. నాలుగూ కలిపి ఫ్రీ అని ఎవరైనా చెబితే అనుమానించాలి. కానీ ఒక్కో గీతను ఒక్కో దారిలో సున్నా చేయడం మన చేతిలో పనే. అప్పటి నుంచి మా ట్రిప్పులన్నీ ఈ లెక్క మీదే నడుస్తున్నాయి.

మొదట బస్సు సంగతి తేల్చుకోండి

కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. రాష్ట్రంలో ఉండే మహిళలు ప్రభుత్వ బస్సుల్లో, అంటే సిటీ, ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, రాష్ట్రం లోపల డబ్బులు కట్టకుండా సున్నా టికెట్ మీద తిరగొచ్చు. రాజహంస, ఐరావత లాంటి లగ్జరీ బస్సులకు వర్తించదు. కాబట్టి బెంగళూరు నుంచి ధర్మస్థల దాకా దాదాపు 300 కిలోమీటర్లు ఎర్ర బస్సులో కూర్చునే ఓపిక ఉంటే ఆ గీత సున్నా అయినట్టే.

ఇక్కడే మనవాళ్ళు చాలామంది బోల్తా పడతారు. పదేళ్ళుగా కేఆర్ పురంలో ఉంటున్నా ఆధార్‌లో చిరునామా అనంతపురమో గుంటూరో ఉంటుంది. "ఆధార్ తోర్సీ అమ్మా" అని కండక్టర్ అడిగినప్పుడు చూడాల్సింది కర్ణాటక చిరునామా. అది లేకపోతే టికెట్ కొట్టాల్సిందే. చిరునామా మార్చుకోవడం కష్టం కాదు. అద్దె ఒప్పందంతో చేయొచ్చు, లేదా ఇంట్లో ఒకరి ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉంటే కుటుంబ పెద్ద పద్ధతిలో వాళ్ళ అంగీకారంతో ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు. ఊళ్ళో రేషన్ కార్డు, పథకాలు ఏవైనా నడుస్తుంటే మాత్రం బస్సు టికెట్ కోసం వాటిని పోగొట్టుకోకండి.

ఆంధ్రలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మహిళలకు ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9 నుంచే ఉంది. ఈ మూడూ ఎవరి రాష్ట్రం వాళ్ళకే. సరిహద్దు దాటితే ఏమవుతుందో పోయిన కార్తీకంలో మా అత్తమ్మతో లేపాక్షి వెళ్ళినప్పుడు చూశాను. మెజెస్టిక్ నుంచి గౌరిబిదనూరు దాకా నాకు సున్నా టికెట్, ఆవిడకు డబ్బులు. ఆవిడ ఆధార్ ఇంకా ధర్మవరమే. అక్కడి నుంచి హిందూపురం చేరి లేపాక్షి బస్సెక్కాక కథ తిరగబడింది. ఆవిడకు సున్నా, నాకు టికెట్. "చూశావా, మా ప్రభుత్వం" అని కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నారు. లేపాక్షిలో వీరభద్రస్వామి గుడికీ, నేలకు ఆనీ ఆనకుండా వేలాడే స్తంభానికీ, ఊరి మొదట్లో ఒకే రాయిలో చెక్కిన బసవన్నకూ టికెట్ లేదు. అంటే చూసేవాటి గీత కూడా సున్నా. పెరుగన్నం ఇంటి నుంచే తీసుకెళ్ళాం.

తమిళనాడు పద్ధతి వేరు. 2021 మే నుంచి అక్కడ ఆర్డినరీ టౌన్ బస్సుల్లో మహిళలకు ఉచితం, ఏ ఊరివాళ్ళని కార్డు అడగరు. చెన్నైలో అయితే ముందు భాగానికి గులాబీ రంగు వేసిన బస్సు ఎక్కితే చాలు.

మగవాళ్ళకు ఈ భాగంలో ఏమీ లేదు. మా ఆయన దీని గురించి చాలానే అన్నాడు, అవన్నీ ఇక్కడ రాయను. బెంగళూరు సిటీ బస్సులు తప్ప కర్ణాటక బస్సుల్లో సగం సీట్లు మగవాళ్ళకు ఉంచాలని నిబంధన, కనీసం నిలబడాల్సిన పని లేదు.

బస: ఇల్లు మార్చుకోండి

నాలుగు గీతల్లో ఎక్కువ డబ్బు మింగేది ఇదే. హోటల్ వెబ్‌సైట్లలో కూపన్లు వెతుక్కునే బదులు మీ ఫోన్‌లో కాంటాక్ట్‌లు చూడండి. బంధువుల ఇంట్లో దిగడం గురించి కాదు నేను చెప్పేది. వాళ్ళు ఇంట్లో ఉండగా మనం వెళ్తే వాళ్ళకు పని, మనకు మొహమాటం. రెండు కుటుంబాలూ ఒకే వారం ఇళ్ళు మార్చుకోవాలి.

మా పెద్దమ్మ కూతురు చెన్నై వేళచ్చేరిలో ఉంటుంది. వాళ్ళ పిల్లలకు బెంగళూరు చలి, కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ కావాలి. మాకు సముద్రం కావాలి. క్రిస్మస్ సెలవుల్లో వాళ్ళు మా ఇంటికి, మేము వాళ్ళింటికి వెళ్ళాం. ఇలా చేయాలంటే కొన్ని పనులు ముందే చూసుకోవాలి:

- రెండు నెలల ముందు తేదీలు ఖాయం చేసుకోండి. ఇరువైపులా రైలు టికెట్లు బుక్ అయ్యాక మాట మార్చే వీలుండదు.
- అపార్ట్‌మెంట్ అయితే సెక్యూరిటీ యాప్‌లో వాళ్ళ పేర్లు వారానికి గెస్టులుగా పెట్టండి. రాత్రి పదకొండుకు గేటు దగ్గర ఆగిపోయి మీకు ఫోన్లు చేసే గొడవ తప్పుతుంది.
- బీరువా ఒకటి తాళం వేసుకోండి. తప్పు పట్టుకోరు, వాళ్ళూ అదే చేస్తారు.
- పనిమనిషికి, పక్కింటివాళ్ళకు ముందే చెప్పండి.
- ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి.

ఆ కాగితమే అసలు సంగతి. మా అక్క అంటించిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. "పాలు ఆరింటికి తలుపు సంచిలో వేస్తాడు. మోటారు పొద్దున 20 నిమిషాలే. తాగేది క్యాన్ నీళ్ళు, కుళాయి నీళ్ళు తాగొద్దు. గ్యాస్ అయిపోతే బాల్కనీలో రెండోది. గీజర్ స్విచ్ ఎర్రగా వెలగకపోతే ఒకసారి కొట్టు." ఇంత రాస్తే వాళ్ళకు రోజుకు పది ఫోన్లు తప్పుతాయి. గ్యాసూ కరెంటూ ఎవరింటివి వాళ్ళే కట్టుకుంటారని ముందే అనుకోండి, లెక్కలు వద్దు.

బంధువులు లేరా? పాత కొలీగ్‌లు ఉంటారు. సంక్రాంతికి ఊరెళ్ళే ప్రతి బెంగళూరు కుటుంబానికీ కుండీలకు నీళ్ళు పోసేవాళ్ళో కుక్కకు అన్నం పెట్టేవాళ్ళో కావాలి. మైసూరులో ఉండే మా ఆయన స్నేహితుడి కుక్కను ఐదు రోజులు చూసుకున్నందుకు దసరా తర్వాత ఖాళీగా ఉన్న మైసూరును హాయిగా చూశాం. ముక్కూముఖం తెలియనివాళ్ళతో ఇలాంటి ఏర్పాటు చేసే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. వాటికి సభ్యత్వ రుసుము ఉంటుంది. నేను ఇంకా తెలిసినవాళ్ళ దగ్గరే ఆగాను.

తిండి: కన్నడ దేశపు అన్నదానాలు

ఈ విషయంలో కర్ణాటక మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ధర్మస్థల, కుక్కె సుబ్రహ్మణ్య, శృంగేరి, కొల్లూరు, ఉడుపి కృష్ణ మఠం, ఎక్కడికి వెళ్ళినా పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెడతారు. చిక్కమగళూరు జిల్లా కళస దగ్గర హొరనాడులో అమ్మవారి పేరే అన్నపూర్ణేశ్వరి. పడమటి కనుమల్లో వాన పడుతుంటే వేడి అన్నం, సారు (మన చారు), పాయసం. హోటల్‌లో ఎంత పెట్టినా ఆ రుచి రాదు. ధర్మస్థలలో గుళ్ళోకి వెళ్ళాలంటే మగవాళ్ళు చొక్కా తీయాలి, చలికాలంలో ఒక తువ్వాలు పెట్టుకోండి. హుండీలో మీకు తోచింది వేయండి. నేనైతే హోటల్‌లో పెట్టే దాంట్లో సగం వేస్తాను. సున్నా లెక్క చెడుతుందని మా ఆయన గొణుగుతాడు.

తిరుమల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నాలుగు గీతలూ దాదాపు సున్నా అయ్యే చోటు అదొక్కటే. అలిపిరి నుంచి మెట్లదారిలో నడిచి వెళ్తే బస్సు ఖర్చు లేదు, లగేజీని కింద ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. కొండ మీద తిరగడానికి ఉచిత బస్సులు. యాత్రికుల సముదాయాల్లో హాలు, లాకరు ఉచితం. చాపో దుప్పటో వెంట తీసుకెళ్తే మంచిది. సర్వదర్శనానికి టికెట్ లేదు. భోజనానికి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం. 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు చిన్నగా మొదలైన ఉచిత భోజనం ఇవాళ పొద్దుటి నుంచి రాత్రి దాకా నడుస్తోంది. దానికి పేరుపెట్టిన వెంగమాంబ కూడా ఆ కొండ మీద భక్తులకు అన్నం పెట్టిన కవయిత్రే.

వారం ఉండాలనిపిస్తే శ్రీవారి సేవకు పేరివ్వండి. క్యూలైన్లలోనో అన్నప్రసాదంలోనో రోజూ కొన్ని గంటలు పని. బస, భోజనం వాళ్ళే చూస్తారు. టీటీడీ వెబ్‌సైట్‌లో నమోదు తెరిచిన వెంటనే ఖాళీలు నిండిపోతాయి. వయసు, బృందం నిబంధనలు అక్కడే ఉంటాయి. మా అత్తమ్మ వారం పాటు కూరగాయలు తరిగి వచ్చారు. ఇంట్లో ఉల్లిపాయ కోయమంటే మోకాళ్ళ నొప్పి అనేవారు, అక్కడ మాత్రం నొప్పి లేదట.

ఉత్తరాదికి వెళ్తే గురుద్వారాలను గుర్తుపెట్టుకోండి, అక్కడ లంగర్ పేరుతో అందరికీ ఉచితంగా అన్నం పెడతారు. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం అందరికీ తెలుసు. మన దగ్గరే బీదర్‌లో నానక్ ఝీరా ఉంది. హిమాచల్‌లో మణికరణ్‌లో వేడినీటి ఊటల మీదే వండిన లంగర్ భోజనం పెడతారు. తల మీద గుడ్డ కప్పుకోవాలి, తిన్న పళ్ళెం తీసుకెళ్ళి ఇవ్వాలి. సిగరెట్లు, మందు లోపలికి తీసుకురాకూడదు. సత్రాల విషయంలో ఒక్క జాగ్రత్త: శ్రీశైలం, కాశీ లాంటి చోట్ల చాలా సత్రాలు ఒక్కో కులం పేరు మీద నడుస్తాయి. ముందే ఫోన్ చేసి ఎవరికి గది ఇస్తారో అడగండి, సామాన్లతో గేటు దగ్గర మొహం చిన్నబుచ్చుకోవాల్సిన పని ఉండదు.

విపశ్యన ధ్యానం పది రోజుల కోర్సు కూడా ఉచితమే. బెంగళూరులో ధమ్మ పఫుల్ల, చెన్నైలో ధమ్మ సేతు కేంద్రాలున్నాయి. ఫీజు లేదు, కోర్సు పూర్తి చేసినవాళ్ళ దానాలతోనే నడుస్తాయి. కానీ దీన్ని విహారయాత్ర అనుకుని వెళ్ళొద్దు. పొద్దున నాలుగింటికి గంట, రాత్రి భోజనం లేదు, ఫోన్ తీసేసుకుంటారు, పదో రోజు దాకా మాట లేదు. రానూపోనూ కలిపి 12 రోజుల సెలవు కావాలి. మౌనం మీకు నిజంగా కావాలంటేనే.

ఒళ్ళు వంచి బస సంపాదించడం

పెళ్ళికానివాళ్ళకు, ఉద్యోగం మారేటప్పుడు నెల ఖాళీ దొరికినవాళ్ళకు ఇది బాగా నప్పుతుంది. గోకర్ణ, కూర్గ్, వర్కల వైపు బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్ళు వాలంటీర్లను పెట్టుకుంటాయి. రోజుకు నాలుగైదు గంటలు రిసెప్షన్‌లో కూర్చోవాలి, లేదా ఫొటోలు తీసి సోషల్ మీడియా నడపాలి. బదులుగా మంచం, ఒక పూటో రెండు పూటలో భోజనం. వర్క్‌అవే, వరల్డ్‌ప్యాకర్స్ అనే వెబ్‌సైట్లు ఇలాంటివి చూపిస్తాయి. సేంద్రియ వ్యవసాయం ఇష్టమైతే 1971లో ఇంగ్లండ్‌లో మొదలైన వూఫ్ (WWOOF) అనే నెట్‌వర్క్ ఉంది. పొలం పని చేస్తే రైతు ఇంట్లో తిండి, బస. అన్నింటికీ ఏడాది సభ్యత్వ రుసుము కట్టాలి.

వెళ్ళేముందు అడగాల్సినవి సిగ్గుపడకుండా అడగండి. వారానికి ఎన్ని రోజులు సెలవు? మంచం ఎవరి గదిలో? ఆడపిల్లలైతే గదికి లోపలి గడియ ఉందా? మధ్యలో మానేస్తే ఏమిటి? ఇంతకుముందు పనిచేసిన ఒకరి నంబరు ఇస్తారా? చివరి ప్రశ్నకు నీళ్ళు నమిలితే ఆ చోటు వదిలేయండి. విదేశాల్లో అయితే చాలా దేశాలు టూరిస్ట్ వీసా మీద జీతం లేని పనినైనా ఒప్పుకోవు, విమానాశ్రయంలో నిజం చెప్తే వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

పెద్దవాళ్ళు చేసే పాత పద్ధతి ఒకటుంది. పదిహేను ఇరవై మందిని పోగుచేసి కాశీ, గయ, ప్రయాగ తీసుకెళ్తే టూర్ ఆపరేటర్ పోగుచేసిన మనిషికి ఒక సీటు ఉచితంగా ఇస్తాడు. ప్రతి కాలనీలో అలాంటి పెద్దమ్మో బాబాయో ఒకరుంటారు. టికెట్ ఉచితమే కానీ ఎవరి మందులు ఎక్కడున్నాయో, ఎవరికి కింది బెర్తు రాలేదో అన్నీ ఆ మనిషి నెత్తిమీదే. పుణ్యం, టెన్షన్ రెండూ వాళ్ళవే.

ఆఫీసు డబ్బు, కార్డు పాయింట్లు

మీ జీతం స్లిప్‌లో ఎల్‌టీఏ, అంటే సెలవు ప్రయాణ భత్యం, ఉందేమో చూడండి. పాత పన్ను విధానంలో ఉంటే నాలుగు క్యాలెండర్ సంవత్సరాల బ్లాకులో రెండు ప్రయాణాల చార్జీకి పన్ను మినహాయింపు ఉంటుంది. 2022-25 బ్లాకు ముగిసింది, ఇప్పుడు 2026-29. పాత బ్లాకులో వాడుకోని ఒక ప్రయాణాన్ని కొత్త బ్లాకు మొదటి ఏడాదిలో వాడుకోవచ్చు. దేశంలోని రైలు, విమానం, బస్సు చార్జీలకే ఇది. హోటల్, భోజనం, ఊళ్ళో టాక్సీ లెక్కలోకి రావు. మీరు సెలవు పెట్టి స్వయంగా వెళ్ళి ఉండాలి, బోర్డింగ్ పాసులు దాచుకోండి. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళు 40,000 రూపాయల చార్జీ చూపిస్తే సెస్సుతో కలిపి 12,480 మిగులుతుంది. కొత్త విధానం ఎంచుకుంటే ఇదేమీ లేదు. ఒక్క ఎల్‌టీఏ కోసం పాత విధానంలోకి వెళ్ళడం మాత్రం తెలివితక్కువ పని, మొత్తం లెక్క వేసి చూడండి.

క్రెడిట్ కార్డు పాయింట్ల గురించి గంటలు గంటలు చెప్పేవాళ్ళు బెంగళూరులో ప్రతి క్యాంటీన్‌లో ఉంటారు. నా మాట చిన్నది. ఏడాదికి 5 లక్షలు ఎలాగూ ఖర్చయ్యేవాళ్ళకు రెండు శాతం చొప్పున 10,000 రూపాయల విలువైన పాయింట్లు వస్తే ఒక విమానం టికెట్ అవుతుంది. బిల్లు మొత్తం కట్టకుండా కనీస మొత్తమే కడితే నెలకు మూడున్నర శాతానికి పైగా కూడా వడ్డీ పడొచ్చు, ఆ టికెట్ రెండు మూడు నెలల్లో గల్లంతు. అద్దె, పెట్రోలు, వాలెట్ లోడింగ్‌కు చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు, అది చూసుకోండి.

విమానంలో సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మి మిమ్మల్ని ఎక్కనివ్వకపోతే ఊరుకోవద్దు. గంటలోపు బయలుదేరే వేరే విమానం చూపించకపోతే పరిహారం ఇవ్వాలి. 24 గంటల్లోపు పంపిస్తే ఒకవైపు మూల చార్జీ, ఇంధన చార్జీకి రెట్టింపు, గరిష్ఠంగా 10,000 రూపాయలు. అంతకంటే ఆలస్యమైతే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. ఇది ప్లాన్ చేసుకునేది కాదు, తగిలినప్పుడు గుర్తుండాల్సింది.

ఒక ట్రిప్ లెక్క పూర్తిగా

చెన్నై వారం నోట్‌బుక్‌లో ఇలా ఉంది. బస సున్నా, అక్క ఇల్లు. తిండి ఇంట్లో వంటే, సరుకులు ఇక్కడున్నా కొనేవే కాబట్టి రాయలేదు. ఊళ్ళో తిరగడానికి నాకూ అత్తమ్మకూ పాపకూ గులాబీ బస్సు సున్నా, మా ఆయనకు రోజుకు ముప్ఫై నలభై. చూసేవాటిలో మెరీనా, మైలాపూరు కపాలీశ్వరుడు సున్నా. మహాబలిపురంలో అర్జునుడి తపస్సు శిల్పం రోడ్డు పక్కనే ఉంది, సున్నా. సముద్రపు గుడికి పెద్దవాళ్ళకు 40 రూపాయల టికెట్, పాపకు లేదు, 15 ఏళ్ళలోపు పిల్లలకు పురావస్తు శాఖ కట్టడాల్లో ఉచితం.

అన్నిటికంటే పెద్ద సున్నా మార్గళి కచేరీలు. డిసెంబరు మధ్య నుంచి, అంటే మన ధనుర్మాసంలో, చెన్నైలో సంగీత సభలన్నీ పాటతో నిండిపోతాయి. సాయంత్రం పెద్ద పేర్లకు టికెట్లు ఉంటాయి కానీ చాలా సభల్లో పగటి కచేరీలకు ఉండవు. నేరుగా వెళ్ళి కూర్చోవడమే. మధ్యాహ్నం ఎండలో ఏసీ హాలు, ముందు వరుసలో సీటు, వేదిక మీద ఇరవై ఏళ్ళ పిల్ల త్యాగరాజ కీర్తన పాడుతోంది. తమిళ ఊళ్ళో కూర్చుని పొద్దస్తమానం తెలుగు వింటున్నాం అని మా అత్తమ్మ మురిసిపోయారు. వరసగా నాలుగు రోజులు ఆవిడ సముద్రం వైపు రాలేదు.

ఇక ఖర్చయిన గీతలు. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు రైల్లో సెకండ్ సిట్టింగ్. సభ క్యాంటీన్‌లో రెండు సార్లు టిఫిను, అక్కడ కచేరీ కంటే క్యూ పొడవు. మెరీనాలో మామిడికాయ, కొబ్బరి వేసిన సుండల్ (గుగ్గిళ్ళ) పొట్లాలు, ఎన్నో గుర్తులేదు. అక్క గీజర్ స్విచ్ మా ఆయన కాస్త గట్టిగా కొట్టాడు, దాని రిపేరు 350.